అరుదైన హాని – ఎవరికి అరుదు?

1888లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఒక పంతం పట్టాడు. క్లోరోఫారమ్ ఇచ్చినప్పుడు అప్పుడప్పుడు రోగి బల్ల మీదే ప్రాణాలు వదులుతున్నాడు. గుండె ఆగి పోతున్నాడా, ఊపిరి ఆగి పోతున్నాడా? తేల్చాలనుకున్నాడు. అప్పటికే ఆ ప్రశ్నకు నలభై ఏళ్లు. 1848లో ఇంగ్లండులో కాలి గోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ల హానా గ్రీనర్ క్లోరోఫారమ్ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. అప్పటి నుంచి వైద్యులు రెండు వర్గాలుగా చీలారు. లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. ఊపిరి చూసుకుంటే చాలు, నాడి గురించి బెంగ వద్దన్నది ఆయన నేర్చుకున్న పాఠం. లండన్ వాళ్లు దాన్ని ఒప్పుకోలేదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించి కమిషన్ వేయించాడు. మొదటి నివేదిక 'లాన్సెట్' పత్రికకు రుచించకపోవడంతో, వెయ్యి పౌన్లిచ్చి ఆ పత్రిక పంపిన నిపుణుడు లాడర్ బ్రంటన్‌ను 1889లో హైదరాబాద్‌కు రప్పించారు. వందలకొద్దీ కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు జరిగాయి. తీర్పు లారీ వైపే వచ్చింది: ముందు ఆగేది ఊపిరే.

ఆ తీర్పు నిలబడలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపడింది. మోతాదు మించినప్పుడు కాదు, మత్తు పైపైన ఉన్నప్పుడే క్లోరోఫారమ్ గుండె లయను ఒక్కసారిగా తప్పించి ఆపేయగలదు. హైదరాబాద్‌లో జంతువులకు చాలావరకు మోతాదు పెంచుకుంటూ పోయారు. మోతాదు పెరిగితే ముందు ఆగేది ఊపిరే, అందుకే అదే కనపడింది. ఇక లారీ దగ్గరున్న రెండో రుజువు ఆయన అనుభవం: వేలమందికి ఇచ్చాను, నా చేతుల్లో ఎవరూ పోలేదు. మందుల భద్రత మీద నూట ముప్ఫై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధన అంతా ఒక రకంగా ఈ వాక్యంతో పోట్లాటే. వేలమందిలో కనపడనంత మాత్రాన హాని లేనట్టా? ఏ వేలమందిలో వెతికాం?

లెక్క దగ్గరే చిక్కు

కొత్త మందు మార్కెట్లోకి రాకముందు మూడు దశల్లో మనుషుల మీద పరీక్షిస్తారు. అన్నీ కలిపి సాధారణంగా కొన్ని వందల నుంచి కొన్ని వేలమంది. ఇందులో ఒక చిన్న సూత్రం దాగి ఉంది. హాన్లీ, లిప్‌మన్-హ్యాండ్ అనే ఇద్దరు 1983లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో దాన్ని వైద్యులకు విడమరిచి చెప్పారు. పరీక్షలో పాల్గొన్నవాళ్ల సంఖ్యతో మూడును భాగించండి. ఒక్కరికి కూడా ఫలానా హాని జరగకపోయినా, దాని ప్రమాదం గరిష్ఠంగా అంతవరకూ ఉండవచ్చు. మూడువేలమందిలో ఒక్క కేసూ లేదంటే, వెయ్యిమందిలో ఒకరికి జరిగే అవకాశాన్ని ఇంకా కొట్టిపారేయలేమన్నమాట. పదివేలమందిలో ఒకరికి వచ్చే హాని కనీసం ఒక్కసారైనా కంటపడుతుందని ధీమాగా చెప్పాలంటే ముప్ఫై వేలమంది కావాలి. అంత పెద్ద ట్రయల్ మామూలు మందుకు ఎవరూ చేయరు.

దీనికి తోడు ట్రయల్‌లోకి ఎవరిని తీసుకుంటారన్నది మరో జల్లెడ. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, అప్పటికే నాలుగు రకాల మాత్రలు మింగుతున్నవాళ్లు తరచూ బయటే ఉండిపోతారు. మందు మార్కెట్లోకి వచ్చాక దాన్ని ఎక్కువగా వాడేది మాత్రం వీళ్లే. కనుక మందుకు అనుమతి రావడమంటే పరీక్ష ముగిసినట్టు కాదు. అసలు జనం మీద పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

ఎవరో ఒకరు గమనించాలి

ఈ పెద్ద పరీక్షలో ఫలితాలు రాసుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో థాలిడోమైడ్ చూపించింది. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా అమ్మకానికి వచ్చి, వేవిళ్లకూ వాడిన ఈ మాత్ర వల్ల దాదాపు పదివేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. దాన్ని పట్టుకున్నది ట్రయల్ కాదు. జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అనే ఇద్దరు డాక్టర్లు తమ ముందుకొచ్చిన కేసులను కూడగట్టుకుని చూశారు. 1961 డిసెంబరులో 'లాన్సెట్'లో అచ్చయిన మెక్‌బ్రైడ్ లేఖ కొద్ది వాక్యాలే. అలాంటి లేఖ ఏదో ఒక పత్రికలో పడేదాకా ఆగకుండా నేరుగా అందుకునే ఏర్పాటు కావాలని 1964లో బ్రిటన్ ఎల్లో కార్డ్ పద్ధతి పెట్టింది. 1968లో పది దేశాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమం మొదలైంది. అది ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలా కేంద్రంగా నడుస్తోంది.

ఇలా వచ్చే రిపోర్టు రుజువు కాదు, అనుమానం మాత్రమే. మందు ఆపితే లక్షణం తగ్గిందా, మళ్లీ ఇస్తే తిరగబెట్టిందా, వేరే కారణం ఉందా అని చూసి నిశ్చితం, బహుశా, కావచ్చు, కాకపోవచ్చు అంటూ మెట్లు కడతారు. అనుమానం బలపడితే, జబ్బు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చే అధ్యయనాలు, వాటి తర్వాత వేలమంది రికార్డులను ఏళ్ల తరబడి వెంటాడే అధ్యయనాలు చేస్తారు.

ఈ పద్ధతికి ఒక గుడ్డిచోటు ఉంది. చేతుల్లేని బిడ్డ పుడితే ఎవరి కళ్లైనా పడతాయి. అదే ఒక నొప్పిమాత్ర గుండెపోట్లను కొద్దిగా పెంచితే? గుండెపోటు ఎటూ ఎంతోమందికి వచ్చేదే, ఏ డాక్టరూ మాత్రను అనుమానించడు. 2004 సెప్టెంబరులో వెనక్కి తీసుకున్న రోఫెకాక్సిబ్ కథ అదే. దాన్ని పట్టివ్వడానికి పెద్ద ట్రయల్సే కావలసివచ్చాయి. వింత హానిని పట్టేది అప్రమత్తమైన డాక్టరు. మామూలు జబ్బు వేషంలో వచ్చే హానిని పట్టేది అంకెల గుంపు. రెంటిలో ఏ ఒక్కటీ చాలదు.

దురదృష్టం కాదు, జన్యువు

కొందరికే ఎందుకు? చాలాకాలం దీనికి జవాబు 'వాడి ఒంటితత్వం' అనే. 1950ల్లో ఆ మాట కింద రసాయనం బయటపడింది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు స్టేట్‌విల్ జైలులో ఖైదీల మీద మలేరియా మందుల ప్రయోగాలు జరిగాయి. అలాంటి ప్రయోగానికి ఈరోజు ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ప్రైమాక్విన్ మింగిన కొందరిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోవడానికి కారణం జీ6పీడీ అనే ఎంజైము లోటని 1956లో తేలింది. వైవాక్స్ మలేరియాకు మన దగ్గర ఈనాటికీ పద్నాలుగు రోజులు ఇచ్చే మందు ఇదే. మన దేశంలో ఈ లోటు కొన్ని ఆదివాసీ సమూహాల్లో ఎక్కువ. మలేరియా బెడద ఎక్కువున్నదీ మన్యంలోనే.

కార్బమజెపీన్ ఉదాహరణ ఇంకా తేటగా ఉంటుంది. మూర్ఛకు వాడే ఈ పాత మందు చాలా అరుదుగా స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ తెస్తుంది: జ్వరం, నోట్లో పుళ్లు, ఆపైన కాలినట్టుగా ఊడొచ్చే చర్మం. 2004లో తైవాన్ పరిశోధకులు ఇలా జబ్బుపడిన 44 మందిని పరీక్షిస్తే 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే ఒకే జన్యురూపం కనిపించింది. మందు సరిపడినవాళ్లు 101 మందిలో అది ఉన్నది ముగ్గురికే. 2011లో మరో అడుగు వేశారు. 23 ఆసుపత్రుల్లో 4,877 మందికి ముందే పరీక్ష చేసి, ఆ జన్యువున్న 7.7 శాతం మందికి కార్బమజెపీన్ ఇవ్వలేదు. పాత లెక్క ప్రకారం ఓ పది కేసులు రావాలి. ఒక్కటీ రాలేదు.

గమనించాల్సింది ఏమిటంటే, యూరప్ సంతతిలో ఈ జన్యురూపం దాదాపు కనపడదు. పరిశోధన అక్కడే ఆగి ఉంటే ఈ హాని ఎప్పటికీ 'చెప్పలేని దురదృష్టం'గానే మిగిలేది.

మన ఇంటి ఉదాహరణ

ఇలాంటిదే మన తెలుగు నేల మీద ఒకటుంది. ఆపరేషన్ థియేటర్లలో స్కోలిన్ అని పిలిచే సక్సినైల్‌కోలిన్ 1951 నుంచి వాడుకలో ఉంది. శ్వాసనాళంలో గొట్టం వేయడానికి వీలుగా ఒంట్లో కండరాలన్నిటినీ నిమిషంలోపే సడలించేస్తుంది. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని చకచకా విరిచేస్తుంది కనుక అయిదు పది నిమిషాల్లో ప్రభావం పోతుంది. ఎమర్జెన్సీ సిజేరియన్ లాంటి సందర్భాల్లో మత్తు డాక్టర్లు దీన్ని నమ్ముకునేది ఈ వేగం వల్లే.

ఎంజైము లేనివాళ్ల సంగతి చూడండి. ఆపరేషన్ అయిపోతుంది, కుట్లు పడతాయి, మత్తువాయువు ఆపేస్తారు. మనిషి ఊపిరి తీసుకోడు. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి చూస్తే బొటనవేలు కదలదు. అసలు ప్రమాదం ఆ తర్వాతి నిర్ణయంలో ఉంది. మత్తు దిగింది, కండరాలు మాత్రం లేవలేదు. అంటే రోగికి అన్నీ వినిపిస్తూ ఉండొచ్చు, వేలు కూడా కదపలేడు. నాడి వేగం, బీపీ పెరుగుతుంటే అనుమానించాల్సింది దీన్నే. తెలిసిన డాక్టరు మళ్లీ నిద్రమందు ఇచ్చి, వెంటిలేటర్ మీద ఉంచి, గంటల తరబడి ఓపికపడతాడు. మందు దానంతటది అరిగిపోతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. విరుగుడు ఓపికే. వెంటిలేటర్ లేని చిన్న నర్సింగ్ హోమ్‌లో, విషయం తెలియని చేతుల్లో జరిగితే మాత్రం కథ వేరు.

టొరంటోలో వెర్నర్ కాలో 1957లో ఈ ఎంజైము తేడాను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. డిబుకైన్ అనే మందు మామూలు ఎంజైమును ఎనభై శాతం దాకా అణచివేస్తుంది, తేడా ఉన్నదాన్ని ఇరవై శాతమే. మందులకూ జన్యువులకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రానికి ఇది పునాదిరాళ్లలో ఒకటి. యూరప్‌లో ఇలాంటి లోటు రెండు మూడు వేలమందిలో ఒకరికి. పుస్తకాల్లో 'అరుదు' అని రాసింది ఆ లెక్క చూసే.

ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ ఎంజైము దాదాపు శూన్యంగా ఉండే జన్యురూపం ఎక్కువగా ఉందని 1979లోనే ఒక అధ్యయనం చెప్పింది. దాని వెనకున్న మార్పేమిటో 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, విదేశీ సహచరులతో కలిసి తేల్చారు: ఎంజైము గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. ఒక్క అక్షరం తేడాతో మొత్తం ఎంజైము పనికిరాకుండా పోయింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ లోటు వైశ్యుల్లో ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువని గుర్తుచేస్తూ, దీన్ని పెద్ద చిత్రంలో పెట్టింది. దక్షిణాసియాలో ఎన్నో సమూహాలు ఎన్నో తరాల కిందట కొద్దిమందితో మొదలై, లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగాయి. ఆ కొద్దిమందిలో ఒకరికున్న జన్యు మార్పు లక్షలమందికి చేరింది.

ఇక్కడ మేనరికాన్ని మాత్రమే తప్పుపట్టడం తేలిక, కానీ సరికాదు. దగ్గరి చుట్టరికం ప్రమాదాన్ని పెంచే మాట నిజమే. అయితే గోత్రం వేరు, ఊరు వేరు, ఏ చుట్టరికమూ లేదనుకున్న ఇద్దరికి కూడా ఆ పాత పూర్వీకుడు ఉమ్మడే కావచ్చు. ఇది ఏ ఒక్క కులానికో అంటిన లోపమూ కాదు. తమలో తాము పెళ్లాడే ప్రతి సమూహంలోనూ ఇలాంటి ఏదో ఒకటి దాగి ఉండవచ్చు. వైశ్యుల విషయంలో ఎవరో పరీక్షించారు గనుక తెలిసింది, అంతే. పైగా ఈ ఎంజైము లేకపోవడం జబ్బే కాదు. స్కోలిన్, మివాక్యూరియం లాంటి కొన్ని మందులు తగలనంతవరకూ జీవితమంతా హాయిగా గడిచిపోతుంది.

మార్గం ఖరీదైందేమీ కాదు. రక్తంలో కోలినెస్టరేజ్ స్థాయి చూసే పరీక్ష మన జిల్లా ఆసుపత్రులకు కొత్త కాదు. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకు చేయించేది అదే. స్కోలిన్ బదులు రోక్యురోనియం ఉంది, దాని ప్రభావాన్ని వెంటనే తిప్పేసే సుగమడెక్స్ కూడా ఉంది. కావలసిందల్లా ఆపరేషన్‌కు ముందు ఒక ప్రశ్న: 'మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందక గంటలపాటు మిషన్ మీద ఉంచారా?'

జబ్బే అరుదైతే

ఇప్పటిదాకా చూసింది మామూలు మందు, అరుదైన మనిషి. జబ్బే అరుదైనప్పుడు లెక్క మరింత బిగుసుకుంటుంది. పసిపిల్లల్లో కండరాలు చచ్చుబడే వెన్నెముక కండర క్షీణత, అంటే ఎస్‌ఎంఏ, దీనికి ఉదాహరణ. ఒకే మోతాదుతో ఇచ్చే జన్యు చికిత్స జోల్‌జెన్‌స్మాకు 2019లో అమెరికా అనుమతి రావడానికి దారితీసిన తొలి ట్రయల్‌లో ఉన్నది పదిహేనుమంది పిల్లలు. అందులో పూర్తి మోతాదు అందుకున్నది పన్నెండుమంది. పన్నెండుమందిలో ఏదైనా హాని కనపడలేదంటే, మన మూడు సూత్రం ప్రకారం నలుగురిలో ఒకరికి జరిగే అవకాశాన్ని కూడా కాదనలేం. అయినా మందు లేకపోతే ఆ పిల్లల్లో చాలామంది రెండేళ్లు దాటరు. అందుకే ఇక్కడ తూకం వేరు, తొందరా న్యాయమే. 2022లో ఈ చికిత్స తర్వాత కాలేయం దెబ్బతిని ఇద్దరు పిల్లలు చనిపోయిన సంగతి రష్యా, కజకిస్తాన్‌ల నుంచి వెలుగులోకి వచ్చింది. కాలేయం మీద ప్రభావం ఉంటుందని ముందే హెచ్చరిక ఉంది కానీ, అది ప్రాణం మీదికి వస్తుందని తేలింది వాడుకలోనే.

మన దగ్గర పదహారు కోట్ల రూపాయల ఈ ఇంజెక్షన్ కోసం తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో విరాళాలు పోగుచేసుకున్న ఉదంతాలు హైదరాబాద్‌తో సహా చాలాచోట్ల ఉన్నాయి. డబ్బు దొరికిందా లేదా అన్న దగ్గరే వార్త ఆగిపోతుంది. ఇంజెక్షన్ తర్వాత ఆ బిడ్డ కాలేయం, ప్లేట్‌లెట్లు, గుండె ఎలా ఉన్నాయో నెలనెలా రాసిపెట్టడమే నిజమైన పరిశోధన, ఎందుకంటే ప్రతి బిడ్డా ఇక్కడ ట్రయల్‌లో భాగమే. 2021 జాతీయ అరుదైన జబ్బుల విధానం కింద కొన్ని చికిత్సా కేంద్రాలను గుర్తించి, ఇప్పుడు రోగికి 50 లక్షల దాకా సాయం ఇస్తున్నారు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రం. 2019 కొత్త మందుల నియమాలు దేశంలో అయిదు లక్షలమందికి మించని జబ్బుకు ఇచ్చే మందును ప్రత్యేక వర్గంగా చూస్తూ, ఇక్కడ ట్రయల్ లేకుండానే అనుమతించే వెసులుబాటు కూడా ఇచ్చాయి. వెసులుబాటు మంచిదే. అయితే ముందు వదిలేసిన పరీక్షను తర్వాత గట్టిగా చేయాలన్న షరతు అమలైతేనే.

రాసుకునే అలవాటు

ఆ 'తర్వాత' కోసం మన దేశంలో ఉన్నది ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం. 2010లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలై, 2011లో ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు మారింది. మెడికల్ కాలేజీల్లో నివేదికలు తీసుకునే కేంద్రాలు ఉన్నాయి. రోగి కూడా 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఫారంలో అడిగేవి సామాన్యమైన సంగతులే: ఏ మందు, ఏ బ్యాచ్, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏం జరిగింది, ఆపితే తగ్గిందా. ఇలా చేరిన నివేదికల ఆధారంగానే 2023 నవంబరులో మెఫెనమిక్ యాసిడ్ మీద హెచ్చరిక వచ్చింది. నెలసరి నొప్పికి ఇంటింటా చీటీ లేకుండా వాడే ఆ మాత్ర కొద్దిమందిలో దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాలను దెబ్బతీసే డ్రెస్ సిండ్రోమ్ తేవచ్చని.

అయినా మన ఓపీల్లో సీను మారలేదు. ఒళ్లంతా దద్దుర్లతో వచ్చిన మనిషి ఏ మాత్ర వేసుకున్నాడో అతనికి తెలియదు; ఆర్‌ఎంపీ పొట్లంలో కట్టి ఇచ్చినదానికి పేరుండదు, బ్యాచ్ నంబరుండదు. డాక్టరుకు ఫారం నింపే తీరిక లేదు, నింపితే తన తప్పనుకుంటారేమోనన్న జంకు ఉంది.

ఈ నిర్లక్ష్యానికి మరోవైపు ధర ఏమిటో 2009లో ఖమ్మం జిల్లాలో తెలిసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రదర్శన ప్రాజెక్టు కింద భద్రాచలం తదితర చోట్ల పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి సూదులు వేశారు. కొందరు పిల్లల మరణాలతో దుమారం లేచి 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. అదే కమిటీ అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉండటాన్నీ తప్పుపట్టింది. 2013లో పార్లమెంటరీ కమిటీ హానిని కనిపెట్టే ఏర్పాటే సరిగా లేదని తేల్చింది. మంచి టీకా మీద ఆ తర్వాత ఏళ్ల తరబడి అపనమ్మకం పేరుకుంది. హాని ఉందని చెప్పడానికే కాదు, లేదని చెప్పడానికైనా లెక్క ఉండాలి.

చేయవలసింది

సమూహాలుగా విడివిడిగా పెరిగిన మన సమాజంలో ప్రపంచ సగటు ఒక పక్కా అబద్ధం కాకపోయినా అరకొర నిజమే. లక్షలో ఒకరన్న హాని ఒక వీధిలో ముప్ఫైమందిలో ఒకరికి ఉండవచ్చు, పక్క వీధిలో అసలే లేకపోవచ్చు. విదేశీ ట్రయల్ ఈ తేడాను చూపలేదు. మన దగ్గర చేసినా, అందరినీ 'భారతీయులు' అన్న ఒకే గడిలో కూడితే అదీ చూపలేదు. కాబట్టి ప్రాంతీయ సమూహాల వారీగా, వాళ్ల అంగీకారంతో, పేర్లు బయటపడకుండా జన్యు సమాచారం సేకరించడం అవసరం. ఆ సమాచారం పెళ్లి సంబంధాల్లో ఆయుధం కాకుండా చూడటం కూడా పరిశోధకుల బాధ్యతే.

అంతదాకా ఆగనవసరం లేనివీ ఉన్నాయి. మత్తు ఇచ్చే ముందు అడిగే ప్రశ్నల చీటీలో కుటుంబ చరిత్ర ఒక గడి కావాలి. స్కోలిన్ పడని మనిషిని డిశ్చార్జ్ చేసేటప్పుడు ఆ సంగతి తెలుగులో రాసి చేతికివ్వాలి. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ కోలినెస్టరేజ్ పరీక్ష చేయించాలి, ఎందుకంటే అతని నలుగురు తోబుట్టువుల్లో సగటున ఒకరికి అదే లోటు ఉంటుంది. మందు పడకపోతే మాత్ర అట్ట పారేయకుండా ఆసుపత్రికి తేవడం రోగి వంతు, దాన్ని చూసి ఫారం నింపడం డాక్టరు వంతు. లారీ తన ఆసుపత్రి లెక్కనే నమ్ముకున్నాడు. మనకు దేశమంతటి లెక్క చేసుకునే ఏర్పాటు ఉంది. అందులో మన జిల్లాల వరుసలు ఖాళీగా ఉంటే 'ఇక్కడ అలాంటివి జరగవు' అనే ధైర్యం మాత్రం చేయకూడదు.